సెప్పింటే వచ్చేదాన్ని

పాకాలలో ముస్లింల ఇళ్ళలో ఆడమనిషి ఎవరైనా చనిపోతే, చుట్టాలకంటే ముందు మెహరాజ్ బేగానికి కబురు వెళ్ళేది. మట్టి చేసే ముందు చేయించే కడపటి స్నానాన్ని గుసుల్ అంటారు. మగవాళ్ళకు మగవాళ్ళు, ఆడవాళ్ళకు ఆడవాళ్ళు చేయించాలి. ఆ పని పద్ధతిగా తెలిసిన ఆడవాళ్ళు ఊరికి ఒకరో ఇద్దరో ఉంటారు. తెలిసినా అందరూ చేయలేరు.

మెహరాజ్ శ్రీకాళహస్తిలో గాజుల వ్యాపారి కూతురు. రైల్వే గ్యాంగ్‌మన్‌ను పెళ్ళి చేసుకుని పాకాలకు వచ్చింది. ఇరవై రెండేళ్ళప్పుడు అత్తగారు ఆమెను మొదటిసారి ఈ పనికి వెంటబెట్టుకుపోయింది. ఆ రోజు చెంబులో సగం నీళ్ళు తన కాళ్ళ మీదే పోసుకుంది.

"భయపడేదానికి ఏముండాది? ఆమె నిన్నేం చెయ్యలేదు. నువ్వే ఆమెకు చెయ్యల్ల," అంది అత్తగారు.

తర్వాత ముప్పై ఆరేళ్ళలో ఆ చేతుల మీదుగా ఎందరు వెళ్ళారో మెహరాజ్ లెక్క పెట్టుకోలేదు. పచ్చి బాలింతలు, పండు ముసలివాళ్ళు, రైలు కింద పడిన అమ్మాయి ఒకతె. చివరికి ఆ అత్తగారికీ ఆమే నీళ్ళు పోసింది. ఏ ఇంట్లో ఏం చూసినా బయట ఒక్క మాట చెప్పేది కాదు. పుండ్లు, మచ్చలు, దెబ్బల గుర్తులు అన్నీ తెల్లగుడ్డలో చుట్టేసి వచ్చేది. ఊళ్ళో ఆడవాళ్ళు ఆమెను నమ్మింది అందుకే.

భర్త పోయాక ఆమె కొడుకు జియావుల్లా దగ్గర ఉండేది. అతను మోటార్లకు వైండింగ్ చేసేవాడు. కోడలు అంబ్రీన్ నెమ్మదస్తురాలు. మెహరాజ్‌కు మోకాళ్ళ నొప్పులు మొదలై, శవాన్ని ఒక పక్కకు తిప్పడం కష్టమయ్యాక, పక్క వీధి రుక్సానాకు పని నేర్పడం మొదలుపెట్టింది. రుక్సానాకు ముప్పై నాలుగేళ్ళు. ఇంట్లో కూర్చుని మల్లెపూలు కట్టి అంగళ్ళకు ఇచ్చేది. భర్త షఫీవుల్లా ఆటో తోలేవాడు. పిల్లలు లేరు. అత్త కూడా వాళ్ళతోనే ఉండేది, కానీ కరోనా రెండో ఏడు చాలా నెలలు కూతురి దగ్గరికని చిత్తూరు వెళ్ళి ఉండింది. పూలు కట్టిన వేళ్ళు కాబట్టి రుక్సానా శవానికి చుట్టే కఫన్ గుడ్డ ముళ్ళు మెత్తగా, తీరుగా వేసేది. రెండేళ్ళలోనే మెహరాజ్‌కు తన తర్వాత ఎవరన్న దిగులు తీరిపోయింది.

రెండువేల ఇరవై ఒకటి, ఏప్రిల్ నెల. కరోనా రెండోసారి ఊళ్ళను చుట్టేసిన రోజులు. అవి రంజాన్ రోజులు కూడా. పన్నెండో ఉపవాసం నాటి ఉదయం, బట్టల అంగడి అజ్మతుల్లా స్కూటర్ మీద వచ్చి వాకిట్లో నిలబడ్డాడు.

"అమ్మ పోయింది మెహరాజ్ ఆపా. తెల్లారగట్ల గుండె పట్టేసింది," అన్నాడు.

"జొరమేమన్నా ఉండెనా?"

"లేదాపా. గుండెపోటే."

మెహరాజ్ గుడ్డమాస్కు కట్టుకుని రుక్సానాను పిలుచుకుని బయలుదేరింది. అజ్మతుల్లా ఇంట్లో ముందు గది తలుపులు, కిటికీలు మూసి ఉన్నాయి. లోపల ఇరవై మంది ఆడవాళ్ళు ఒకరినొకరు ఒరుసుకుని కూర్చుని ఏడుస్తున్నారు. గదంతా ఆవిరి పట్టేటప్పుడు వేసుకునే మందు వాసన. మంచం కింద మాత్రల అట్టలు కొన్ని కనిపించాయి. మెహరాజ్ ఆ ఇంటి కోడలిని పక్కకు పిలిచింది.

"నిజం సెప్పు తల్లీ. ఈ మాత్రలేంటికి?"

"షుగరుకు ఆపా. ఎప్పుడూ వేసుకునేవే," అంది ఆమె నేల చూస్తూ.

మెహరాజ్‌కు అనుమానం పూర్తిగా పోలేదు. కానీ తల్లి శవం పక్కన ఉన్నవాళ్ళను గుచ్చి గుచ్చి అడగడానికి నోరు రాలేదు. కిటికీలు తెరవమని మాత్రం చెప్పింది. ఎవరో లేచి ఒక రెక్క తెరిచారు. ఎండ లోపలికి వస్తోందని కాసేపటికి ఇంకెవరో మూసేశారు.

పెరట్లో చీరలు అడ్డం కట్టి స్నానం చేయించారు. గుసుల్‌లో శవాన్ని వీపు కింద చేయి వేసి కాస్త పైకి లేపి, పొట్టను మెల్లగా నిమరాలి. అప్పుడు లోపల మిగిలిన గాలి నోట్లోంచి బయటికి వస్తుంది. మొదటిసారి చూసేవాళ్ళు శవం ఊపిరి తీసిందని హడలిపోతారు. ఆ రోజు తల పట్టుకుని ముందుకు వంగి ఉన్నది రుక్సానా. నీళ్ళు చింది తడిసిపోయిన మాస్కు ముక్కుకు అతుక్కుని ఊపిరాడక, దాన్ని గడ్డం కిందికి లాగేసుకుంది. మెహరాజ్ చూసింది. "మాస్కు పైకి పెట్టుకో," అంది. రెండు చేతులూ తల కింద ఉన్నాయి కాబట్టి రుక్సానా పెట్టుకోలేకపోయింది. తర్వాత ఇద్దరూ ఆ సంగతి మరిచిపోయారు.

మెహరాజ్ అలవాటు ప్రకారం సబ్బుతో తలారా స్నానం చేసి, బట్టలు మార్చుకుని ఇంటికి వచ్చింది. సాయంత్రం ఉపవాసం విడిచేటప్పుడు కొడుకు, కోడలితో కలిసి ఒకే పళ్ళెం చుట్టూ కూర్చుంది. అంబ్రీన్‌కు అప్పుడు ఆరో నెల. ఖర్జూరం గింజ తీసి ఆమెకు అందించింది కూడా.

మర్నాడు పదకొండు గంటలకు ఆరోగ్య కేంద్రం నర్సు నాగవేణి వచ్చింది. గడప దాటకుండా వీధిలోనే నిలబడింది.

"మెహరాజమ్మా, నిన్న అజ్మతుల్లా వాళ్ళమ్మకు నీళ్ళు పోసింది నువ్వేనా?"

"నేనూ రుక్సానా."

నాగవేణి కళ్ళు మూసుకుని తెరిచింది. "ఆమెకు నాలుగు దినాల ముందే పాజిటివ్ వచ్చింది. ఇంట్లో వాళ్ళకు తెలుసు. సెప్తే శవాన్ని సంచిలో కట్టేస్తారని, స్నానం ఉండదని దాసిపెట్టినారు."

మెహరాజ్ వాకిట్లోకి దిగింది. "నేను సబ్బుతో కడుక్కున్నాను గదమ్మా. తలకు పోసుకున్నాను."

"చేతులు కడుక్కుంటే సరిపోదమ్మా. ఇది ఊపిరిలో వస్తాది. మూసిన ఇంట్లో గాలిలోనే నిలబడుకోని ఉంటాది. ఈ పద్నాలుగు దినాలు నువ్వు ఎవురికీ దగ్గిర పోవద్దు. నీ కోడలికి అసలే పోవద్దు."

వంటింట్లో నుంచి అంబ్రీన్ పళ్ళేలు కడుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. మెహరాజ్ మళ్ళీ ఆ ఇంట్లోకి అడుగు పెట్టలేదు. సందులోంచి చుట్టూ తిరిగి పెరట్లో ఉన్న రేకుల గదికి వెళ్ళింది. జియావుల్లా పాత మోటార్లు, రాగితీగ చుట్టలు పెట్టుకునే గది అది. ఎదురెదురుగా రెండు కిటికీలున్నాయి. రెండూ బార్లా తెరిచింది. మోటార్లను ఒక మూలకు తోసి చాప వేసుకుంది.

జియావుల్లా అంగడి నుంచి పరుగెత్తుకొచ్చాడు. "అమ్మీ, ఈ ఎండకు రేకుల కింద ఎట్లుంటావు? లోపలికి రా."

"రాను. నువ్వు ఆడే నిలబడు. ముక్కు మీదికి కట్టుకో."

"పోనీ, అంబ్రీన్‌ను వాళ్ళ పుట్టింట్లో వదిలి వస్తా."

"తీసకపోవద్దు. నిన్న నాతో తినింది గదా. దానికి అంటుకోనుంటే, ఆడ ముసిలోళ్ళకు అంటిస్తాది. ఎవురుండేకాడ వాళ్ళే ఉండల్ల. మీరిద్దరూ వేరే వేరే గదుల్లో పడుకోండి."

అంబ్రీన్ అన్నం గిన్నె తెచ్చి స్టూలు మీద పెట్టి వెనక్కి వెళ్ళి నిలబడేది. ఆమె దూరం జరిగిందాకా మెహరాజ్ గది లోంచి వచ్చేది కాదు. మొదటి రోజు అంబ్రీన్ ఏడ్చింది. "ఏడవద్దు. ముక్కు సీదేటప్పుడు మాస్కు తీస్తావు," అంది మెహరాజ్ లోపలి నుంచే.

రుక్సానాకు ఫోను చేసి జరిగింది చెప్పింది.

"ఎడంగా ఉండు బిడ్డా. షఫీవుల్లాకు దగ్గిర పోవద్దు."

"ఉండేది ఒక్క గది ఖాలా. ఎడంగా అంటే యాడుండేది?"

చివరికి షఫీవుల్లా వీధిలో ఆటోలో పడుకునేట్టు, రుక్సానా తలుపు తెరిచిపెట్టుకుని లోపల ఉండేట్టు ఒప్పుకున్నారు. పూలు కట్టడం మానేయమని కూడా మెహరాజే చెప్పింది. రుక్సానా అదే రోజు మానేసింది.

నాలుగో రోజు రుక్సానాకు జ్వరం వచ్చింది. ఐదో రోజు మెహరాజ్‌కు వచ్చింది. ఒళ్ళంతా సుత్తితో కొట్టినట్టు నొప్పి, ఆపైన దగ్గు. స్టూలు మీద కోడలు పెట్టిన చారన్నం వాసనే తెలియలేదు. జియావుల్లాకు రెండు రోజులు ఒళ్ళు వెచ్చబడింది. అతను ఇంటికి రాకుండా అంగట్లోనే ఉండిపోయాడు. అంబ్రీన్ ఆరు నెలల కడుపుతో ఆ ఇంట్లో ఒక్కతే తిరిగింది. ఆమెకు మాత్రం ఏమీ కాలేదు. రెండుసార్లు పరీక్ష చేసినా లేదనే వచ్చింది.

నాగవేణి రోజూ వచ్చి కిటికీలోంచి వేలికి పెట్టి ఆక్సిజన్ చూసే మిషన్ అందించేది. మెహరాజ్‌కు తొంభై నాలుగు, తొంభై మూడు దగ్గర నిలబడింది. రుక్సానాది ఎంతో నాగవేణి మొదట చెప్పలేదు. బలవంతం చేస్తే చెప్పింది. ఎనభై ఆరు.

తిరుపతి ఆసుపత్రిలో మంచం దొరకడానికి ఒకటిన్నర రోజు పట్టింది. అంబులెన్స్ ఎక్కే ముందు రుక్సానా ఫోను చేసింది. మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకుంటోంది.

"ఖాలా, నీకు తగ్గిందా?"

"తగ్గతా ఉండాది. నువ్వు మాట్లాడొద్దు."

"నేను మాస్కు కిందికి పెట్టుకున్నా గదా ఆ పొద్దు. నువ్వు సెప్పినావు. నేనే..."

"నీ తప్పు కాదు బిడ్డా," అంది మెహరాజ్. ఇంకేదో అనేలోగా ఫోను ఆగిపోయింది.

ఎనిమిది రోజులు గడిచాయి. రంజాన్ పండగకు రెండు రోజుల ముందు రుక్సానా చనిపోయింది.

అప్పటికి మెహరాజ్‌కు జ్వరం తగ్గి వారం దాటింది. బయటికి రావచ్చని నాగవేణి చెప్పి ఉంది. అయినా నాలుగడుగులు వేస్తే ఆయాసం వచ్చేది. షఫీవుల్లా వచ్చి ఆమె ఇంటి ముందు వీధిలో నిలబడి పిలిచాడు.

"ఖాలా, రుక్సానాను తీసుకొస్తా ఉండారు. నువ్వు తప్ప ఎవురు నీళ్ళు పోస్తారు ఆమెకు?"

జియావుల్లా ఇంకా అంగట్లోనే ఉన్నాడు, కడుపుతో ఉన్న అంబ్రీన్‌ను మెహరాజ్ వెంట రానివ్వలేదు. కర్ర పట్టుకుని ఒక్కతే ముస్లింల శ్మశానం, ఖబరస్తాన్ దాకా నడిచింది. ఆడవాళ్ళు లోపలికి వెళ్ళరు కాబట్టి గేటు బయట వేపచెట్టు నీడలో కూర్చుంది. అంబులెన్స్ వచ్చి అక్కడే ఆగింది. ఒళ్ళంతా తెల్ల తొడుగులు వేసుకున్న నలుగురు దిగి, మూసిన సంచిని సిమెంటు బల్ల మీద పెట్టారు. అక్కడికి వచ్చింది షఫీవుల్లా, ఇమాం, అతని వెనక దూరంగా ఐదారుగురు మగవాళ్ళు. నాగవేణి కూడా వచ్చింది. మెహరాజ్‌కు గట్టి మాస్కు, చేతితొడుగులు, ఒక గౌను ఇచ్చింది.

"సంచి తెరవకూడదమ్మా," అంది మెల్లగా.

షఫీవుల్లా విన్నాడు. "మొగం కాడ ఒక్క జానెడు తెరిచేది ఖాలా. నువ్వు సెప్తే వీళ్ళు వింటారు. ఎనిమిది దినాలైంది నేను సూసి. ఇంతమందికి పోసినావు, ఆమెకు ఒక్క చెంబుడు నీళ్ళు పొయ్యవా?"

తెల్ల తొడుగుల వాళ్ళలో ఒకతను మెహరాజ్ వైపు చూశాడు. ఆమె సరేనంటే అతను జిప్పు లాగేలాగే ఉన్నాడు. మెహరాజ్ ఆ నలుగురినీ చూసింది. కుర్రవాళ్ళే. వాళ్ళ ఇళ్ళలోనూ తల్లులుంటారు. షఫీవుల్లా మాస్కు కన్నీళ్ళకు తడిసి ముక్కు కిందికి జారి ఉంది.

"తెరవొద్దు," అంది.

"ఖాలా!"

"తెరవొద్దు అంటాండా. నీ మాస్కు పైకి పెట్టుకో."

నీళ్ళు పోసే వీలు లేనప్పుడు శుభ్రమైన మట్టితో చేసే పద్ధతి ఒకటుంది. ఇమాం దూరం నుంచే సరేనన్నట్టు తల ఊపాడు. మెహరాజ్ వంగి రెండు అరచేతులూ నేలకు ఆనించింది. సంచి మీద ముఖం ఉండే చోట ఒకసారి నిమిరింది. మళ్ళీ మట్టికి ఆనించి, చేతులుండే చోట నిమిరింది. తొడుగు వేసుకున్న వేళ్ళ కింద ప్లాస్టిక్ కరకరలాడింది. తల యాడుందో, భుజం యాడుందో సరిగ్గా తెలియలేదు. ముప్పై ఆరేళ్ళలో ఒక మనిషిని అట్లా తడుముకోవడం ఆమెకు అదే మొదలు.

అంతే. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. వాళ్ళు సంచిని లోపలికి తీసుకువెళ్ళారు. షఫీవుల్లా ఆమె ముందు నుంచే నడిచి వెళ్ళాడు. ఆమె వైపు చూడలేదు.

పండగ నాడు అజ్మతుల్లా వచ్చాడు. అతని భార్య కూడా జబ్బుపడి, చిత్తూరులో పన్నెండు రోజులుండి బతికి వచ్చింది. సేమ్యా గిన్నె గోడ మీద పెట్టి, తల వంచుకుని నిలబడ్డాడు.

"నిన్ను అడిగినాను గదా అజ్మతుల్లా. జొరం ఉండెనా అని."

"అడిగినావు ఆపా."

"నీ భార్యను అడిగినాను. మాత్రలు సూపించి అడిగినాను."

"సెప్తే నువ్వు రావేమోనని భయపడినా. మా అమ్మను అనాథలాగా సంచిలో పంపియ్యలేకపోయినా."

మెహరాజ్‌కు దగ్గు వచ్చి, ఆగి, మళ్ళీ వచ్చింది.

"సెప్పింటే వచ్చేదాన్ని. ఎట్ల రావల్నో అట్ల వచ్చేదాన్ని. మట్టితోనే చేసేదాన్ని. రుక్సానాను ఇంటికాడ వదిలి వచ్చేదాన్ని. ఇంటి నిండా ఆడోళ్ళను కూచోపెట్టకుండా బయటికి పంపించేదాన్ని. నువ్వు మీ అమ్మకు మరియాద చేసినావు. ఆ మరియాదకు రుక్సానా పోయింది."

అతను ఏడుస్తూ వెళ్ళిపోయాడు. సేమ్యా ఆమె తినలేదు. అట్లాగని పారబోయనూ లేదు. ఎవరికైనా ఇవ్వమని అంబ్రీన్‌తో చెప్పింది.

ఆ తర్వాత నెలల్లో ఊళ్ళో మాటలు పుట్టాయి. ఆమె శవాల దగ్గర తిరిగి జబ్బును వీధిలోకి తెచ్చిందని కొందరు, పని నేర్పుతానని పిల్ల ప్రాణం తీసిందని కొందరు. కుళాయి దగ్గర ఆమె నిలబడితే బిందెలు వెనక్కి జరిగేవి. మెహరాజ్ ఎవరికీ జవాబు చెప్పలేదు. అజ్మతుల్లా ఇంటి సంగతీ బయటపెట్టలేదు. ఎవరింటి నుంచి కబురొచ్చినా గడప బయటే నిలబడి, జ్వరం ఉందా, దగ్గు ఉందా, పరీక్ష చేశారా అని అడిగేది. ఆ ప్రశ్నలకు నొచ్చుకుని దామలచెరువు నుంచి వేరే మనిషిని పిలిపించుకున్నవాళ్ళూ ఉన్నారు. ఆమె దగ్గర పని నేర్చుకోవడానికి తర్వాత ఎవరూ రాలేదు.

జూలై ఆఖరులో అంబ్రీన్‌కు ఆడపిల్ల పుట్టింది. రుక్సానా పేరు పెడదామని అంబ్రీన్ అంది. మెహరాజ్ వద్దంది. దినానికి పదిసార్లు ఆ పేరు పెట్టి పిలిచే ఓపిక తనకు లేదంది.

షఫీవుల్లా ఎనిమిది నెలలు ఆమెతో మాట్లాడలేదు. వీధిలో ఎదురైతే ఆటోను పక్క సందులోకి తిప్పేవాడు.

జనవరిలో మళ్ళీ ఇంటింటా జలుబులు, జ్వరాలు మొదలయ్యాయి. ఒకరోజు పొద్దున షఫీవుల్లా వచ్చి మెహరాజ్ ఇంటికి ఎదురుగా, రోడ్డు అవతలి అంచున నిలబడ్డాడు. ముక్కు, నోరు పూర్తిగా కప్పి ఉన్నాయి.

"మా అమ్మ పోయింది ఖాలా. చిత్తూరు నుంచి వచ్చి నెలైంది. మూడు దినాల్నుంచి అన్నం ముట్టలేదు. ఎనభై దాటిన మనిషి. ఆమెకు టెస్టు చెయ్యలేదు. నాకు చేసినారు, నిన్న. ఉండాది అని వచ్చింది. కాబట్టి ఆమెకూ ఉంటాది అనుకో. కిటికీలు తలుపులు అన్నీ తీసేసినా. ఇంట్లో ఎవురినీ ఉండనియ్యలేదు. నాగవేణమ్మకు సెప్పినా, జాగర్తలు ఆమె సెప్తాది. నువ్వు రాలేనంటే నేనేమీ అనుకోను."

మెహరాజ్ అతన్ని చూస్తూ నిలబడింది. ఎనిమిది నెలల్లో మనిషి సగమయ్యాడు.

"వస్తాను. నువ్వు ముందు పో," అంది.

నాగవేణి ఇచ్చిన మాస్కు, గౌను, కళ్ళకు అద్దాలు పెట్టుకుని, పెరట్లో ఎండలో, గాలి వచ్చే వైపు వీపు పెట్టి నీళ్ళు పోసింది. సాయానికి పిలవడానికి ఎవరూ లేరు. అంబ్రీన్ వస్తానంది గాని, పాలు తాగే బిడ్డ తల్లిని ఆమె రానివ్వలేదు. పొట్ట నిమరలేదు. ఒక్కతే శవాన్ని ఒక పక్కకు తిప్పడం, ఆయాసం తీర్చుకోవడం, మళ్ళీ తిప్పడం. గంటలో అయ్యే పనికి మధ్యాహ్నం దాటింది.

శవాన్ని పెట్టిన జనాజాను మోయడానికి వచ్చిన మగవాళ్ళు పది మంది, అందరూ మాస్కులతో, దూరదూరంగా నిలబడ్డారు. తల్లి శవానికి మొదట భుజం పట్టవలసినవాడు కొడుకు. ఇమాం అలవాటుగా షఫీవుల్లా కోసం చూశాడు.

"నేను రాను. మీరు ఎత్తండి," అన్నాడు షఫీవుల్లా వీధి చివరి నుంచి. "నా పక్కన ఇంగో భుజం ఉంటాది గదా."

జనాజా లేచింది. మలుపు తిరిగిందాకా అతను చేతులు కట్టుకుని నిలబడే ఉన్నాడు. తర్వాత ఆ వీధిలో ఇద్దరే మిగిలారు. ఖబరస్తాన్‌కు వెళ్ళని మెహరాజ్ బేగం, వెళ్ళలేకపోయిన షఫీవుల్లా.

"పొద్దున్నుంచి నిలబడే ఉండావు ఖాలా," అన్నాడు అతను. "ఆ అరుగు మీద కూచో. నేను ఈడే ఉంటాలే, దగ్గిర రాను."

ఆమె కూర్చుంది. అతను వీధికి అవతల గోడ వారగా కింద కూర్చున్నాడు. మట్టి చేసి మగవాళ్ళు తిరిగి వచ్చిందాకా ఇద్దరూ అట్లాగే ఉన్నారు. రుక్సానా మాట అతనూ ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు.